ట్రాలీనా, బ్యాక్‌ప్యాకా? ఊరగాయా, పొడా? నెలలో సగం బయట ఉండేవాళ్లకు ఏది మేలు?

రైస్ మిల్లుల్లో బియ్యంలోంచి నల్లగింజ, రాయి, మట్టిపెళ్ల ఏరే యంత్రాలు బిగించడం, బాగుచేయడం నా పని. ఇల్లు విజయవాడ. మిర్యాలగూడ, మండపేట అయితే రెండు మూడు రోజుల్లో తిరిగొస్తాను. కొత్త మిల్లు పని పడితే మాత్రం రాయ్‌పూర్‌లోనో, పశ్చిమ బెంగాల్లోని బర్ధమాన్‌లోనో నెలా నెలన్నర ఉండిపోవాలి. పద్దెనిమిదేళ్లుగా ఇదే నడుస్తోంది.

మొదట్లో మూడు రోజుల పనికి ఒక బ్యాగు, నెల రోజుల పనికి దానికి మూడింతల పెట్టె సర్దేవాణ్ణి. అది తప్పని తెలియడానికి చాలాకాలం పట్టింది. నాలుగో రోజుకి ఎక్కడున్నా బట్టలు ఉతుక్కోవాల్సిందే. ఉతుక్కునేవాడికి నాలుగు రోజులైనా నలభై రోజులైనా కావలసిన బట్టలు అవే. రోజులు పెరిగేకొద్దీ పెరగాల్సినవి వేరు: మందులు, కాగితాలు, ఇంటి రుచి. అక్కడి కొట్లో దొరికేవి తగ్గించుకుని, దొరకనివి రెట్టింపు పెట్టుకోవాలి. ఏది మేలని నేను చెప్పేదంతా ఈ లెక్క మీదే.

ట్రాలీనా, బ్యాక్‌ప్యాకా?

చక్రాల పెట్టె నేల నున్నగా ఉన్నంతసేపు బాగుంటుంది. విమానాశ్రయంలో దానికి మించింది లేదు. కానీ నేను దిగే స్టేషన్లలో చాలావాటికి ఎస్కలేటర్ ఉండదు. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో పనిముట్ల సంచి పట్టుకుని ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగేసరికి నడుము పట్టేస్తుంది. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో పై అరలో అది పట్టదు, నడిచే దారిలో పెడితే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ తన్నుకుంటూ పోతారు. బ్యాక్‌ప్యాక్ అయితే కాళ్ల దగ్గరో ఒళ్లోనో సర్దుకుంటుంది.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. గట్టి డొల్ల ఉన్న చిన్న ట్రాలీ ఖాళీదే రెండున్నర, మూడు కిలోలుంటుంది. మన దేశంలో విమానం లోపలికి ఎకానమీ ప్రయాణికులకు మామూలుగా ఇచ్చేది 7 కిలోలు. అంటే దాదాపు సగం బరువు పెట్టెకే పోయింది. నలభై లీటర్ల బ్యాక్‌ప్యాక్ కిలో, కిలోన్నరలో వస్తుంది. రైల్లో ఈ చిక్కు లేదు. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50 కిలోల దాకా ఉచితం. అయితే రైలు మోసినంత మనం మోయలేం కదా.

మరమ్మతు దగ్గర కూడా తేడా ఉంది. ట్రాలీ చక్రం విరిగితే సరిగ్గా అదే సైజు చక్రం దొరకడం కష్టం. బ్యాక్‌ప్యాక్ పట్టీ తెగితే ఏ ఊళ్లో అయినా చెప్పులు కుట్టే ఆయన పది నిమిషాల్లో కుట్టిస్తాడు, జిప్పు రన్నర్ మార్చేవాళ్లు బజారులోనే కూర్చుంటారు. ఒకసారి రాయ్‌పూర్‌లో పట్టీ కుట్టిన పెద్దాయన అడగకుండానే రెండో పట్టీకి కూడా రెండు వరసలు కుట్టేశాడు. ఆ కుట్లు ఈ రోజుకీ ఊడలేదు.

బ్యాక్‌ప్యాక్‌తో ఇబ్బందులు లేవని కాదు. ఇస్త్రీ చొక్కా నలుగుతుంది, వేసవిలో వీపు తడిసిపోతుంది, రద్దీలో వెనక జిప్పు ఎవరు లాగుతున్నారో తెలియదు. అందుకే పర్సు, ఫోను వెనక అరలో ఎప్పుడూ పెట్టను. నడుము నొప్పి ఉన్నవాళ్లు, ఒకే ఊరికి వెళ్లి ఒకే గదిలో నెలలపాటు ఉండేవాళ్లు ట్రాలీయే తీసుకోండి. వారానికి రెండు బస్సులు, రెండు రైళ్లు మారేవాళ్లకు మాత్రం బ్యాక్‌ప్యాకే మేలు. కొనేటప్పుడు పైనుంచి కూరేది కాకుండా పెట్టెలా చుట్టూ జిప్పు తెరుచుకునేది చూసుకోండి. అడుగున ఉన్న సాక్స్ కోసం మొత్తం కుమ్మరించే పని తప్పుతుంది.

జీన్సా, మామూలు ప్యాంటా? టర్కీ తువ్వాలా, తుండుగుడ్డా?

బట్టల్లో నేను చూసేది ఒక్కటే, రాత్రి ఉతికి ఫ్యాను కింద వేస్తే పొద్దుటికి ఆరుతుందా లేదా అని. జీన్స్ మురికి తట్టుకుంటుంది నిజమే. వానాకాలంలో మాత్రం రెండు రోజులైనా నడుం పట్టీ దగ్గర తడిగానే ఉండి వాసన వస్తుంది. పల్చటి టెర్రీకాటన్ ప్యాంటు రాత్రికి రాత్రే ఆరుతుంది. టీషర్టుల్లో పూర్తి పాలిస్టర్‌వి ఇంకా త్వరగా ఆరతాయి గానీ, ఊక దుమ్ములో ఒక పూట పనిచేస్తే చెమట కంపు కొడతాయి. నాకు సరిపడినవి సగం నూలు కలిసినవి. మూడు జతలు చాలు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి బ్యాగులో. లోపలి బట్టలు మాత్రం ఆరు.

తువ్వాలు దగ్గర నాకు రెండో ఆలోచనే లేదు. టర్కీ తువ్వాలు బ్యాగులో పావు వంతు తినేస్తుంది, తడిస్తే బరువు రెట్టింపవుతుంది. మన నూలు తుండుగుడ్డ మడత పెడితే అరచేతి వెడల్పు. ఒళ్లు తుడుచుకోవచ్చు, మిల్లులో ముక్కుకు కట్టుకోవచ్చు, ఎండలో తలకు చుట్టుకోవచ్చు, రైల్లో గుండ్రంగా చుట్టి తల కింద పెట్టుకోవచ్చు. రెండు పెట్టుకున్నా ఒక టర్కీ తువ్వాలులో సగం చోటు పట్టవు. ఇలాంటిదే లుంగీ. స్లీపర్ బోగీలో మామూలుగా దుప్పట్లు ఇవ్వరు కాబట్టి బెర్తు మీద పరుచుకోవడానికి, లాడ్జి పక్క మీద దుప్పటి నచ్చకపోతే దాని మీద వేసుకోవడానికి నైట్‌ప్యాంటు కంటే ఎన్నో రెట్లు ఉపయోగం.

సబ్బు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. షాంపూ సీసా, లిక్విడ్ డిటర్జెంట్ కారతాయి, సబ్బుబిళ్ల కారదు. బట్టల సబ్బు సగానికి కోసి పెట్టుకోండి, మిగతాది అక్కడ కొనుక్కోండి. నీళ్ల సీసా స్టీలుదే మంచిది, టీ కొట్టువాళ్లు వేడినీళ్లు పోసినా భయం లేదు.

పెద్ద పవర్‌బ్యాంకా, ఎక్స్‌టెన్షన్ బోర్డా?

చాలామంది పెద్ద పవర్‌బ్యాంకు కొంటే టెన్షన్ ఉండదనుకుంటారు. విమానాల్లో మామూలుగా అనుమతించేది 100 వాట్ అవర్ల దాకా. వాట్ అవర్ అంటే బ్యాటరీలో పట్టే శక్తికి కొలత. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకును లోపలి సెల్ వోల్టేజీ 3.7తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు వస్తుంది, కాబట్టి పనికొస్తుంది. అది చేతి బ్యాగులోనే ఉండాలి. చెక్-ఇన్ లగేజీలో వేస్తే తీయించేస్తారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే పైన మనుషుల మధ్య వెంటనే కనబడుతుంది, కింద సామాను గదిలో కనబడదు.

నా వరకు 10,000 ఎంఏహెచ్‌ది చాలు. బరువు సగమే. రైళ్లలో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా చార్జింగ్ పాయింట్లు ఆపేయాలన్న నిబంధన ఉంది కాబట్టి ఆ ఆరు గంటలకు అది సరిపోతుంది. మిగిలిన బరువులో నేను పెట్టుకునేది రెండు మీటర్ల వైరున్న చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. లాడ్జి గదుల్లో పనిచేసే ప్లగ్గు ఒక్కటే ఉంటుంది, అదీ టీవీ వెనకో తలుపు పైనో ఉంటుంది. ఫోను, లాప్‌టాప్, దోమల మందు అన్నీ దానికే. నెల రోజులు ఒకే గదిలో ఉంటే పెద్ద పవర్‌బ్యాంకు కంటే ఈ బోర్డే అక్కరకొస్తుంది. కరెంటు కెటిల్ తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట, గదిలో వాడుకోండి, రైల్లో ప్లగ్గుకు మాత్రం పెట్టొద్దు. అది నిషేధం, నిప్పు పుట్టే ప్రమాదం కూడా.

ఊరగాయా, పొడా?

ఆవకాయ మీద నాకున్న ప్రేమ తక్కువేం కాదు. బర్ధమాన్‌లో పదో రోజుకి ముద్ద దిగనప్పుడు ఆవకాయ బద్ద ఒక్కటి నాకిస్తే చాలనిపించేది. అయినా ప్రయాణానికి పొడే మేలంటాను. ఎంత బిగించినా ఊరగాయ సీసాలోంచి నూనె ఊరుతుంది, ఒకసారి నాలుగు చొక్కాలు పోయాయి. పైగా విమానంలో చేతి బ్యాగులో పెట్టుకుంటే తనిఖీ దగ్గర ఆపేస్తారు. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి రెండు కవర్లలో కట్టి పెడితే నెల రోజులైనా చెక్కుచెదరవు. మా ఆవిడ వెల్లుల్లి వేసిన కారప్పొడి వేరుగా కడుతుంది, అది పదిహేను రోజుల్లో తినేయాలని పొట్లం మీద రాస్తుంది. అక్కడి హోటల్లో వేడన్నం, పప్పు ఎలాగూ దొరుకుతాయి. అన్నంలో రెండు చెంచాల కందిపొడి కలుపుకుంటే ఆ పూటకు ఇంట్లో తిన్నట్టే ఉంటుంది.

ఊరగాయ తప్పనిసరి అనుకుంటే చిన్న డబ్బాల్లో పెట్టి, ఒక్కోదాన్నీ వేరే కవర్లో చుట్టి, చెక్-ఇన్‌లో వేయండి. ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం విమానంలో వద్దు. అందులో నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాతో రెండేళ్లు పనిచేసిన జగిత్యాల తమ్ముడు దుబాయ్ వెళ్లే ముందు రోజు ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మ కూర మసాలా దంచి ఇచ్చింది, తీస్కపోనా?" అన్నాడు. "గసగసాలు వేసిందేమో ముందు అడుగు" అన్నాను. వేసిందట. యూఏఈలో, సౌదీలో గసగసాలు నిషిద్ధం. మనకవి వంటింటి దినుసు, అక్కడ మత్తుమందు కేసు. కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులు, ట్రామడాల్ అనే నొప్పి బిళ్లలు కూడా ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. వాళ్లమ్మగారు ఆ రాత్రే గసగసాలు లేకుండా మళ్లీ దంచారు.

ఫోనులో కాగితాలా, చేతిలో కాగితాలా?

రెండూ కావాలి. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉన్న ఆధార్‌ను, డ్రైవింగ్ లైసెన్స్‌ను రైల్వే 2018 నుంచి గుర్తింపుగా ఒప్పుకుంటోంది, వాట్సాప్‌లో ఉన్న ఫొటోను కాదు. లాడ్జిలో మాత్రం జిరాక్సే అడుగుతారు. దానికి నేను మాస్క్‌డ్ ఆధార్ కాపీలు నాలుగు తీసి ఉంచుకుంటాను, అందులో చివరి నాలుగు అంకెలే కనబడతాయి.

మందులు: స్ట్రిప్పా, డబ్బానా?

వారం రోజుల గళ్లున్న ప్లాస్టిక్ డబ్బా ఇంట్లో బాగుంటుంది. బయటికి స్ట్రిప్పులే తీసుకెళ్లండి. మందు పేరు, గడువు దాని మీదే ఉంటాయి, ఎవరైనా అడిగినా చూపించొచ్చు.

విరేచనాలకు ఓఆర్ఎస్సా, దుకాణంలో అమ్మే తీపి డ్రింకా అన్నదాంట్లో పోలికే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఆ పాళ్లలో లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడటాన్ని ఆపించింది. నా బ్యాగులో ఆరు పొట్లాలు ఎప్పుడూ ఉంటాయి. లీటరు పొట్లాన్ని పూర్తి లీటరులోనే కలపాలి, గ్లాసులో సగం పొట్లం వేసుకుని తాగకూడదు.

నాకు బీపీ ఉంది. ఒకసారి బర్ధమాన్‌లో నలభై రోజుల పని యాభై రెండు రోజులైంది. బిళ్లలు సరిగ్గా నలభై అయిదు తీసుకెళ్లాను. అయిపోయాక చుట్టుపక్కల మూడు మందుల షాపులు తిరిగాను, నేను వాడే కంపెనీ బిళ్ల ఎక్కడా లేదు. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మాయి డాక్టర్ చీటీ ఫొటో పంపింది. అందులో కంపెనీ పేరు కింద అసలు మందు పేరు, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు అని ఆయన విడిగా రాసి ఉన్నారు. ఆ పేరు చూపించగానే షాపాయన అదే మందు వేరే కంపెనీది తీసిచ్చాడు. ఇప్పుడు పదిహేను బిళ్లలు అదనంగా పెట్టుకుంటున్నాను. ఆ చీటీ జిరాక్సు పర్సులో ఒకటి, బ్యాగు లోపలి జిప్పులో ఒకటి ఉంటుంది.