పిల్లల దేవదూత రెక్కల సెట్టు: అయిదింటికి మూడు నక్షత్రాలు

క్రిస్మస్ నాటిక కోసం ఈ సెట్లు నాలుగు తెప్పించాను. సండే స్కూల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లూ అట్టముక్కలు, దూది తెచ్చుకుని రెక్కలు నేనే చేసేవాణ్ణి. నేల మీద కూర్చుని కత్తిరించడానికి ఈసారి మోకాళ్లు ఒప్పుకోలేదు. పెట్టెలో ఉన్నవి: తెల్లటి ఈకల రెక్కలు, తీగకు గుచ్చిన బంగారు రంగు వలయం, కొసన నక్షత్రం ఉన్న కర్ర.

ముందు ఆ కర్ర సంగతి. దేవదూత చేతిలో మంత్రదండం ఎందుకో తయారుచేసినవారే చెప్పాలి. నాలుగూ పక్కన పడేశాను. చివరికి ఒకటి తూర్పు జ్ఞానులకు దారి చూపే చుక్కగా పనికొచ్చింది.

రెక్కలు చూడటానికి ముచ్చటగా ఉన్నాయి, తొడుక్కుంటేనే కష్టం. ఎలాస్టిక్ చంక కింద ఒరుసుకుని ఎర్రగా కందిపోతుంది. లోపల బనీను వేయించాక సర్దుకుంది. ఈకలు జిగురుతో అతికించినవి కావడంతో మొదటి రిహార్సల్‌కే గది కోళ్లగూడులా తయారైంది. అయిదు నుంచి ఎనిమిదేళ్ల వారికి అని రాశారు గానీ ఎనిమిదేళ్ల పిల్లకు బిగుతే. వలయాన్ని మాత్రం మెచ్చుకోవాలి, ఎన్నిసార్లు వంగినా మళ్లీ నిలబడింది.

నాలుగో సెట్టులో ఎడమ రెక్క తీగ విరిగే వచ్చింది. మార్చి ఇమ్మని రాస్తే, నాటిక అయిపోయిన మూడో రోజున అమ్మకందారు జవాబిచ్చారు. రెండు నక్షత్రాలు అక్కడే పోయాయి. దాంతో దేవదూతలు ముగ్గురే అయ్యారు. నాలుగో దూత కావలసిన ఏడేళ్ల పాప గొర్రెల కాపరి అయింది. దుప్పటి కప్పుకుని ఏడుస్తూ, “టీచర్, దేవదూత గొప్పా, కాపరి గొప్పా?” అని అడిగింది.

చప్పున దూతే అనబోయి ఆగాను. లూకా సువార్త 2వ అధ్యాయం తెరిచి, ఇందులో రెక్కలు ఎక్కడున్నాయో చూపించమన్నాను. లేవు. యెషయా 6వ అధ్యాయంలో సెరాపులనే పరలోక జీవులకు ఆరేసి రెక్కలున్నాయి. ఆదికాండం 18లో అబ్రాహాము గుడారం దగ్గరికి వచ్చినవారు మాత్రం చూడటానికి ముగ్గురు మనుషులే. తరువాత దూత చెప్పిన మాట పైకి చదవమన్నాను: “దావీదు పట్టణమందు నేడు రక్షకుడు మీ కొరకు పుట్టియున్నాడు.” మన కొరకు అనలేదు, చూశావా అన్నాను. కబురు తెచ్చినవాడు దూత, ఆ కబురు ఎవరిదంటే కాపరులది. పాప ఏడుపు ఆపి, ఆ మాట కింద వేలు పెట్టి మళ్లీ చదివింది.

పిల్లకు చెప్పనిది ఆ రాత్రి అంగీలు ఇస్త్రీ చేస్తూ నేను నెమరు వేసుకున్నాను. 8వ కీర్తన మన తెలుగు బైబిల్లో మనిషిని “దేవునికంటె” కొంచెం తక్కువవాడిగా చేశావంటుంది. అదే మాట కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక అనే లేఖ 2వ అధ్యాయంలో “దేవదూతలకంటె” అని ఉంటుంది. కీర్తన హెబ్రీ మూలంలోని ‘ఎలోహీమ్’ (దేవుడు) అన్న మాటను పాత గ్రీకు అనువాదకులు దూతలుగా మార్చారు, పత్రిక ఆ గ్రీకు పాఠాన్నే అనుసరించింది. పైగా ఆ ‘కొంచెం’ అన్న గ్రీకు మాటకు ‘కొంతకాలం’ అనే అర్థమూ వస్తుంది. అంటే మన తక్కువతనానికి గడువు ఉందన్నమాట. మనం దేవదూతలకు తీర్పు తీర్చుదుమని ఎరుగరా అని కొరింథువారిని పౌలు అడిగింది ఉత్తినే కాదు.

పెద్దవాళ్లూ ఇక్కడ ఒక్కమాట మీద లేరు. 13వ శతాబ్దంలో పాశ్చాత్య సంఘపు వేదాంతి థామస్ అక్వినాస్, బుద్ధి రీత్యా దేవుని పోలిక మనిషిలో కంటే దూతలోనే ఎక్కువన్నాడు, కొన్ని విషయాల్లో మాత్రం మనిషికి మొగ్గు ఇచ్చాడు. 14వ శతాబ్దంలో తూర్పు సంఘపు వేదాంతి గ్రెగరీ పలమాస్ మాట దీనికి ఎదురు: మనిషి ఆత్మ ఒక శరీరానికి ప్రాణం పోస్తుంది, అందువల్ల ఆ పోలిక మనలోనే ఎక్కువ. నా ఓటు పలమాస్‌కే. హెబ్రీ పత్రిక ప్రకారం క్రీస్తు ధరించుకున్నది దేవదూతల స్వభావం కాదు, అబ్రాహాము సంతాన స్వభావం. ఎలాస్టిక్ ఒరుసుకుంటే కందిపోయే ఈ ఒళ్లే ఆయన తీసుకున్నది.

రెక్కలు చూసి ఒక తల్లి, మా అమ్మ కూడా ఇప్పుడు ఇలాగే ఉంటుందండీ అంది. చనిపోయినవారు దేవదూతలవుతారని సంఘం ఎక్కడా బోధించలేదు. పునరుత్థానంలో వారు “దేవదూత సమానులు” అని యేసు అన్నాడు, సమానులంటే దూతలే అని కాదు. అయినా ఆమె కళ్లు చూశాక ఈ వ్యాకరణమంతా మింగేసి తలూపాను.

నాటిక రోజున ముగ్గురు దూతలూ పాట పాడి, ఒకరి రెక్క ఒకరికి తగులుకుంటూ పక్క తలుపులోంచి వెళ్లిపోయారు. లూకా 2:15లోనూ అంతే, దూతలు వెళ్లిపోతారు, కాపరులు బయలుదేరతారు. మా కాపరి అందరికంటే ముందు పశువుల తొట్టి దగ్గరికి పరుగెత్తి, బొమ్మ బిడ్డ ముఖం మీద పడిన ఈకను తీసి జేబులో పెట్టుకుంది.

కొనేవారు ఒక సైజు పెద్దది తీసుకోండి. కనీసం నెల ముందు తెప్పించి, పెట్టె రాగానే తీగలు వంచి చూడండి.