మారథాన్ దె సబ్ల్: సంచి, పాదాలు, గుడారం – ఒక సమీక్ష

మొరాకో దక్షిణాన, సహారా ఎడారిలో జరిగే మారథాన్ దె సబ్ల్ అనే పరుగు పోటీకి వెళ్ళి వచ్చానని తెలిసినవారు అందరికన్నా ముందు అడిగేది, అంత దూరం ఎలా పరుగెత్తావని. దూరం సంగతి తరువాత చూసుకోవచ్చు. సుమారు 250 కిలోమీటర్ల దారిని వారం రోజుల్లో దాటించేది కాళ్ళ వేగం కాదు. వీపు మీది సంచి బరువు, పాదాల చర్మం, రాత్రి గుడారంలో పక్కన పడుకునే మనుషుల స్వభావం అని నా అభిప్రాయం. విశాఖపట్నం నుంచి నేను, హైదరాబాదు నుంచి ఒక మిత్రుడూ ఒక మిత్రురాలూ, చాలాకాలంగా దుబాయిలో ఉంటున్న మరొక మిత్రుడు కలిసి పేర్లు నమోదు చేయించుకున్నాం. అప్పుడు కొన్న సామానునే ఆ తరువాత వికారాబాదు అడవి దారుల్లోనూ భీమిలి తీరపు ఇసుకలోనూ ఏళ్ళ తరబడి వాడుతున్నాను కనుక, ఎడారిలో పనికివచ్చినదేదో, ఎడారి తరువాత కూడా నిలిచినదేదో రెండూ చెప్పగలను.

ఈ పోటీని మొదలుపెట్టిన ఫ్రెంచి దేశస్థుడు పాత్రిక్ బోయెర్ 1984లో అల్జీరియా సహారాలో దాదాపు 350 కిలోమీటర్లు, తిండీ నీళ్ళూ తానే మోసుకుంటూ, 12 రోజుల్లో ఒంటరిగా నడిచాడు. ఆ నడక నుంచి పుట్టిన మొదటి పోటీలో, 1986లో, 23 మంది పాల్గొన్నారు. ఇప్పుడు వందల్లో, కొన్నేళ్ళు వెయ్యికి పైగా వస్తున్నారు కానీ మూలసూత్రం మారలేదు: నీళ్ళు, గుడారం, వైద్యం నిర్వాహకులవి, మిగిలినదంతా ఎవరిది వారు మోసుకోవలసిందే.

పరుగుకు ముందు జరిగే తనిఖీలో సంచిని తూస్తారు. నీళ్ళు కాకుండా ఆరున్నర కిలోలకు తగ్గకూడదు, పదిహేను కిలోలకు మించకూడదు. రోజుకు కనీసం 2,000 కేలరీల చొప్పున తిండి ఉండాలి. దిక్సూచి, ఈల, సంకేతాలకు అద్దం, కత్తి, విషం లాగే పంపు, పది పిన్నీసులు, 200 యూరోల నగదు, పాస్‌పోర్టు వంటివి మేము వెళ్ళినప్పుడు తప్పనిసరి. ఈ జాబితాలో కోత పెట్టే వీలు లేదు కాబట్టి బరువు తగ్గించుకోగలిగేది తిండిలోనూ, పడక సామానులోనే. లెక్క చాలా సులువు: నూరు గ్రాములకు 450 కేలరీలిచ్చే తిండి అయితే వారానికి మూడు కిలోలు దాటుతుంది, 550 ఇచ్చేదయితే రెండున్నర కిలోలకు దిగుతుంది. అరకిలో తేడా ఇంట్లో కాటా మీద చూస్తే ఏమంత అనిపించదు గానీ, దానికి రెండు మూడు లీటర్ల నీళ్ళు కూడా తోడై మొదటి రోజు ఇసుక తిన్నెలు ఎక్కేటప్పుడు నడుముకు తెలుస్తుంది.

తిండి విషయంలో మన వంటింటిని నమ్ముకున్నవాళ్ళం బాగుపడ్డాం. అటుకుల్లో కేలరీలు తక్కువే, నూరు గ్రాములకు మూడువందల యాభై దాకా. అయితే వాటికి పొయ్యి అక్కరలేదు. మధ్యాహ్నపు ఎండకు సీసాలో వేడెక్కిన నీళ్ళు పోసి మూతపెడితే కాసేపటికే మెత్తబడతాయి. పొయ్యి, గిన్నె, ఇంధనపు బిళ్ళలు మానేసిన బరువుకు బదులుగా వేయించిన వేరుశనగపప్పు మోశాను. అటుకుల్లో ఆ పప్పు, కందిపొడి, నాలుగు చుక్కల నూనె కలిపితే రాత్రి భోజనం సిద్ధం. సున్నుండలు రెండో రోజుకే నెయ్యి కరిగి పిండిగా విడిపోయాయి; చెంచాతో తింటే రుచికి లోటేమీ లేదు. మామిడి తాండ్ర మాత్రం ఏ వేడికీ లొంగలేదు. దుబాయి మిత్రుడు తెచ్చిన చాక్లెట్ పూత బార్లు కవరుకు అతుక్కుపోయి, నాలుకతో నాకవలసిన పదార్థంగా మారాయి.

అన్నిటికన్నా పనికివచ్చినవి వేయించి తెచ్చుకున్న మజ్జిగ మిరపకాయలు. మూడో రోజు నుంచి తీపి అంటే నోరు తిప్పుకునే స్థితి వస్తుంది. జెల్లులు, తీపి పొడులు మాత్రమే తెచ్చుకున్నవారు కేలరీలు సంచిలో ఉండగానే ఆకలితో నడవడం చూశాను. మజ్జిగ మిరపకాయ పట్టుమని రెండు గ్రాములుండదు. కానీ ఆ ఉప్పు, పులుపు, కారం తగిలితే అటుకులు లోపలికి దిగుతాయి. మా గుడారంలోని ఒక ఫ్రెంచి పెద్దాయన ఒకటి నోట్లో వేసుకుని కళ్ళనీళ్ళతో దగ్గి, మర్నాడు సాయంత్రం తనంతట తానే వచ్చి చెయ్యి చాపాడు. ఒక జాగ్రత్త చెప్పాలి. పొట్లం మార్చి తెచ్చుకునే తిండికి పోషక విలువల చీటీ చదవగలిగేలా ఉండాలి కాబట్టి, ఇంట్లో చేసినవాటికన్నా కవరు మీద కేలరీలు అచ్చువేసి అమ్మేవి కొని, ఆ ముక్క కత్తిరించి లోపల వేసుకోవడం మేలు.

పాదాల దగ్గరికి వస్తే, సహారా అంటే మొరాకోలోని మెర్జూగా ఇసుక దిబ్బల ఫొటోలే గుర్తుకొస్తాయి గానీ దారిలో ఎక్కువ భాగం రాళ్ళు పరచిన మైదానాలు, ఎండిన వాగులు, ఎండిన చెరువుల గట్టి నేలలు, జెబెల్ అని పిలిచే రాతి కొండలు. రాళ్ళు కాలిగోళ్ళను పొడుస్తాయి. దిబ్బల ఇసుక గోధుమపిండిలా మెత్తగా ఉండి బూటు అల్లికలోంచే దూరుతుంది. రెండింటికీ ఒకే బూటు సరిపోవాలి. పాదం ఉబ్బుతుందని ఒక సైజు పెద్దది కొనడం, వేలికి వేలు విడిగా ఉండే మేజోళ్ళు వేసుకోవడం రెండూ నాకు కలిసివచ్చాయి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది గెయిటర్ల మీద, అంటే ఇసుక దూరకుండా బూటు మీద వేసుకునే తొడుగుల మీద. పారాషూట్ బట్టతో కుట్టి, బూటు మొత్తాన్ని మోకాలి కింది దాకా కప్పే రకమే పనికివస్తుంది. చీలమండ దగ్గర ఆగిపోయే పొట్టివి కొండదారులకు తప్ప దిబ్బలకు చాలవు. బూటు చుట్టూ అడుగుకు ఆనించి వెల్క్రో పట్టీ ఉండాలి. దాన్ని జిగురుతో అంటిస్తే ఎడారి వేడికి ఊడుతుంది, కుట్టించాలి. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన ఈ పని చేసిన తీరు చూడదగ్గది. మైనం పట్టించిన దారంతో, బూటు ముందువైపు రబ్బరు అంచులోనే ఆరను ఏటవాలుగా దించి, లోపలి గుడ్డకు తగలకుండా కుట్టుకుంటూ పోయాడు. పూర్తయ్యాక చెయ్యి లోపలికి పెట్టి వేళ్ళ చోటంతా తడిమి, ఒకచోట దారం తగిలిందని మూడు కుట్లు విప్పి మళ్ళీ వేశాడు. ఆ ఒక్క ముడి లోపల మిగిలి ఉంటే రెండో రోజుకే అక్కడ పొక్కు లేచేది. ఆ వెల్క్రో నేటికీ ఊడలేదు. బూటు అడుగే ముందు అరిగిపోయింది.

పొక్కులు ఎంత జాగ్రత్తపడ్డా వస్తాయి. వైద్యుల గుడారంలో వాటిని శుభ్రంగా కోసి, నీరు తీసి, ఇయోసిన్ అనే ఎర్రటి మందు పూసి, ఎండనిచ్చి, పట్టీ వేసి పంపుతారు. ఈ పనిని ఇంటి దగ్గరే నేర్చుకుని వెళితే చిన్న పొక్కులకు క్యూలో నిలబడనక్కరలేదు.

సంచి గురించి మంచి మాట చెప్పలేను. బరువు తక్కువని, ఒక విదేశీ సంస్థ తయారీ, ఖరీదుకు వెనకాడకుండా కొన్నాను. ఛాతీ మీది జేబు జిప్పు ఇసుకతో బిగుసుకుపోయి నాలుగో రోజుకు కదలడం మానేసింది. భుజం పట్టీ కుట్టు ఊడితే పిన్నీసులతో సరిపెట్టాను. తప్పనిసరి జాబితాలో పది పిన్నీసులు ఎందుకో అప్పుడు బోధపడింది. ఇంటికి వచ్చాక జిప్పు తీసేసి బకిల్ పెట్టించాను, పట్టీని రెండు వరుసల కుట్టు వేయించాను, ఇప్పుడది బాగానే పనిచేస్తోంది. కొత్తగా కొనేవారు జిప్పులు తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. పడకకు గాలి నింపే పరుపు కంటే మడతపెట్టే ఫోమ్ చాప నయం. తుమ్మ జాతి ముళ్ళు నేలంతా ఉంటాయి. గాలి పరుపు తెచ్చుకున్న మిత్రురాలు రెండు రాత్రులు రాళ్ళ మీదే పడుకుంది. పగలు ఎంత మండినా రాత్రి చలి వణికిస్తుంది కాబట్టి స్లీపింగ్ బ్యాగులో మాత్రం పిసినారితనం కూడదు.

ఇక మిత్రుల మాట. కలిసి వెళ్ళాలని నేను గట్టిగా చెబుతాను, కలిసి పరుగెత్తాలని మాత్రం చెప్పను. గుడారం అంటే కర్రల మీద నిలబెట్టిన నల్లటి ముతక గుడ్డ, కింద ఒక చాప. పక్కలు తెరిచే ఉంటాయి, ఎనిమిదిమంది దాకా సర్దుకోవాలి. రాత్రి గాలి లేస్తే కర్ర పడిపోయి గుడ్డ ముఖం మీదికి వస్తుంది. తెల్లవారకముందే స్థానిక బెర్బెరు పనివారు వచ్చి మనం లోపల ఉండగానే గుడారం ఊడదీసుకుపోతారు. అలాంటి చోట గాలివైపు ఎవరు పడుకోవాలి, ముందుగా చేరినవారు రాళ్ళు ఏరి చోటు ఊడ్చి ఉంచాలా, ఒకరి పొక్కుకు మరొకరు పట్టీ వేస్తారా అన్నవి పెద్ద విషయాలు. చిరకాల పరిచయం ఉన్నవారి మధ్య ఇవి అడగకుండానే జరిగిపోతాయి.

దారి మీద ఇందుకు విరుద్ధం. ఒకరి అడుగు మరొకరికి సరిపడదు. వేగంగా పోయేవాడు ఆగితే ఎండలో గడిపే గంటలు పెరుగుతాయి. నెమ్మదిగా పోయేవాడు తొందరపడితే వాంతులు మొదలవుతాయి. మొదటి రోజు నలుగురం పక్కపక్కనే బయలుదేరాం. రెండో చెక్‌పాయింటు దాటాక హైదరాబాదు మిత్రుడు చెయ్యి ఊపి, “నువ్వు పోరా బై, నాకోసం ఆగితే ఇద్దరం మాడిపోతాం, గుడారంలో కలుద్దాం” అన్నాడు. ఆ మాటతో అందరికీ ఊపిరి ఆడింది. ఆ రోజు నుంచి కలిసేది సాయంత్రాలే.

పద్ధతి ఎంత సరైనదో పొడుగు రోజున తేలింది. ఆ ఒక్క దశే సుమారు 80 కిలోమీటర్లు ఉంటుంది, అర్ధరాత్రి తరువాత కూడా నడక సాగుతుంది. అందరికన్నా ముందున్న యాభైమందిని మూడు గంటలు ఆలస్యంగా వదులుతారు కాబట్టి వెనకనున్న మాబోటివాళ్ళకు వారు పక్కనుంచి దూసుకుపోవడం చూసే భాగ్యం కలుగుతుంది. ఈ పోటీని పదిసార్లు గెలిచిన లహ్సెన్ అహన్సల్, అయిదుసార్లు గెలిచిన అతని తమ్ముడు మొహమద్ ఈ దేశపు బిడ్డలే. ఆ ప్రాంతపు కుర్రవాళ్ళు దిబ్బ దిగే తీరులో పాదం ఇసుకలో దిగబడదు, జారుతూ పోతుంది. అందరికన్నా వెనక ఒంటెలు వస్తాయి. అవి మనల్ని దాటితే మన పోటీ అయిపోయినట్టే. చీకట్లో ముందువారి సంచికి కట్టిన చిన్న దీపాన్ని పట్టుకుని నడవడం తప్ప చేసేదేమీ ఉండదు. రాత్రే చేరినవారికి మర్నాడంతా విశ్రాంతి దొరుకుతుంది. మేము ముగ్గురం చేరి పడుకున్నాక, నాలుగో మిత్రురాలు పొద్దెక్కిన తరువాత వచ్చింది. అప్పటికి ఆమె పడక పరిచి, అటుకులు నానబెట్టి ఉన్నాయి. మేము ముగ్గురం ఆమెతోపాటు నడిచి ఉంటే ఆ పని చేసే ఓపిక ఎవరికీ మిగిలేది కాదు.

కోస్తావారికి వేడి కొత్త కాదు కదా అని తేలికగా తీసుకోవద్దు. విశాఖలో చెమట కారుతుంది, తెలుస్తుంది. అక్కడ పొడిగాలికి చెమట పుట్టిన క్షణమే ఆరిపోయి, చొక్కా మీద తెల్లటి ఉప్పు గీతలు మాత్రమే మిగులుతాయి. ఎంత నీరు పోయిందో ఒంటికి తెలియదు. మాకు నీళ్ళు కొలిచే ఇచ్చారు కాబట్టి తాగడానికీ, తల తడుపుకోవడానికీ పంచుకోవలసివచ్చింది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. అది నీళ్ళు చాలకపోవడం కన్నా ప్రమాదం కావచ్చు. అందుకే ఉప్పు బిళ్ళలను గడియారం చూసి వేసుకోవాలి, దాహాన్ని బట్టి కాదు. వేడికి ఒళ్ళు అలవాటుపడడానికి రెండు వారాల దాకా పడుతుంది. మే నెలలో మధ్యాహ్నం పూట నింపిన సంచితో నడిచిన నడకలు నాకు అన్ని వ్యాయామాలకన్నా ఉపకరించాయి.

దిక్సూచిని అలంకారంగా భావించేవారికి మౌరో ప్రోస్పెరి కథ చెప్పాలి. 1994 పోటీలో ఇసుక తుఫానులో దారితప్పిన ఈ ఇటలీ పరుగువీరుడు పది రోజుల తరువాత సరిహద్దు దాటి అల్జీరియాలో దొరికాడు. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ ఉపగ్రహ సంకేతాల పరికరం ఇస్తారు, దాని మీద అత్యవసర బొత్తం ఉంటుంది. అయినా తుఫానులో ముందున్న మనిషి వీపు కనిపించనప్పుడు నిర్వాహకులిచ్చే దారి పుస్తకంలోని దిశాకోణాన్ని దిక్సూచి మీద పెట్టుకోవడం తెలిసి ఉంటే గుండె దడ తగ్గుతుంది.

ఖర్చు లక్షల్లోనే అవుతుంది. ప్రవేశ రుసుమే వేల యూరోల్లో ఉంటుంది, విమానం, వీసా, సామాను వేరు. మంచి సమయం నమోదు చేయాలని ఆశించేవారు ఆ డబ్బుతో వేరే పోటీలు నాలుగు పరుగెత్తవచ్చు. వారం రోజులు స్నానం లేకుండా, ఫోను లేకుండా నలుగురు మిత్రులతో ఒకే చాప మీద ఉండగలమని అనుకునేవారికి నేను సిఫారసు చేస్తాను. ఒకవేళ నమోదు చేసుకుంటే వైద్య ధ్రువపత్రం సంగతి చివరిదాకా వాయిదా వేయవద్దు: నిర్వాహకులిచ్చిన నమూనాలోనే వైద్యుడు సంతకం చేయాలి, ఈసీజీ పోటీకి ముందు నెల రోజుల లోపలిదే కావాలి, ఆ రెండు కాగితాల అసలు ప్రతులు చేతి సంచిలో ఉండాలి, విమానంలో వేసే పెట్టెలో కాదు.