విశాఖ తీరంలో ఏడేళ్ల సాయంత్రాలు: 55-250 లెన్స్‌తో నా అనుభవం

సూర్యాస్తమయం ఫొటోలు తీయాలంటే వైడ్ లెన్స్ (ఎక్కువ దృశ్యాన్ని ఫ్రేములో పట్టేది) కొనుక్కోమని చాలామంది చెబుతారు. నాకూ అదే చెప్పారు. 2018 చివర్లో కెనన్ 200డీ కెమెరా కొన్నప్పుడు 18-55తో పాటు 55-250 ఎస్‌టీఎం లెన్స్ కూడా తీసుకున్నాను. ఈ అంకెలు లెన్స్ జూమ్ పరిధి మిల్లీమీటర్లలో; అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్నవి దగ్గరగా, పెద్దగా కనిపిస్తాయి. పిట్టల ఫొటోలకి పనికొస్తుందిలే అనుకుని బ్యాగులో పెట్టేశాను. ఈ ఏడేళ్లలో సాయంత్రాలు బీచ్‌కి వెళ్లి తీసినవాటిలో నేను ప్రింటు వేయించి గోడకి పెట్టుకున్నవి, ఒక్కటి తప్ప, అన్నీ దానితో తీసినవే.

కారణం మన తీరమే. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. గోవాలోలాగా నీళ్లలో మునిగే సూర్యుడు ఇక్కడ దొరకడు. వైడ్ లెన్స్ పడమటికి తిప్పితే అపార్ట్‌మెంట్లు, కరెంటు తీగలు, హోర్డింగులు అన్నీ ఫ్రేములోకి వచ్చేస్తాయి, సూర్యుడేమో చుక్కంత. 250 దగ్గర పెడితే సెన్సార్ మీద సూర్యబింబం 2.3 మిల్లీమీటర్ల వెడల్పున పడుతుంది. ఈ సెన్సార్ ఎత్తు 15 మిల్లీమీటర్లు. అంటే ఫ్రేము ఎత్తులో ఆరో వంతు కంటే కొంచెం తక్కువ. 55 దగ్గరైతే అది అర మిల్లీమీటరే. వంద మీటర్ల దూరంలో నడిచే మనిషి ఆ బింబానికి దాదాపు రెండింతల ఎత్తులో కనిపిస్తాడు. మనిషినీ సూర్యుణ్ణీ పక్కపక్కన ఇంత పెద్దగా నిలబెట్టడం వైడ్ లెన్స్‌తో కుదరదు.

కాలం కూడా చూసుకోవాలి. మన ఒడ్డు ఇంచుమించు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. డిసెంబరులో సూర్యుడు బాగా దక్షిణానికి జరిగి దిగుతాడు కాబట్టి, ఒడ్డు వెంబడి నైరుతివైపు చూస్తే కాస్త కుడిగా కనిపిస్తాడు. అల వెనక్కి పోయిన తడి ఇసుక మీద ఆ వెలుగంతా పరుచుకుంటుంది. జూన్‌కి వచ్చేసరికి పూర్తిగా ఊరి వెనక్కి వెళ్లిపోతాడు. అందుకే ఒడ్డు మీద నాకు నవంబరు నుంచి జనవరి వరకే నీడబొమ్మల (వెలుగుకి ఎదురుగా మనుషులు నల్లగా కనిపించే ఫొటోల) సీజన్. డిసెంబరు మొదట్లో సూర్యాస్తమయం సాయంత్రం 5.20 ప్రాంతంలో అవుతుంది, కనీసం నాలుగున్నరకైనా చేరుకోవాలి. వేసవిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకి వేట నిషేధం. ఆ 61 రోజులూ ఫిషింగ్ హార్బర్ నిండా బోట్లే. ఆ కర్రలూ తాళ్లూ ఆకాశం మీద అల్లికలా కనిపిస్తాయి. అక్కడ మాత్రం నౌకాదళం వైపు కెమెరా తిప్పకండి.

సెట్టింగులు చెబుతాను. సూర్యుణ్ణి ఫ్రేములోంచి తప్పించి, పక్కనున్న ఆకాశం మీద ఎక్స్‌పోజర్ (వెలుగు కొలత) తీసుకుని లాక్ చేస్తాను. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సార్ సున్నితత్వం) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు)తో మొదలుపెడతాను. మనుషులు నడుస్తుంటే షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు కంటే తగ్గనివ్వను. ఈ లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంది, బోట్లలాంటి కదలనివాటికి 1/60 వరకు చేత్తో పట్టుకునే తీశాను. కానీ స్టెబిలైజర్ మన చేతి వణుకుని ఆపుతుంది, నడిచేవాళ్ల కాలుని ఆపదు. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంచితే ఆ నారింజ రంగుని కెమెరా తగ్గించేస్తుంది, క్లౌడీలో పెట్టండి. హిస్టోగ్రామ్‌లో (ఫొటోలోని వెలుగుని చూపే గ్రాఫ్‌లో) ఎరుపుని విడిగా చూడండి. మామూలు గ్రాఫ్ బాగానే కనిపిస్తూ ఉంటుంది, ఎరుపు మాత్రం అప్పటికే అంచు దాటి ముద్దైపోయి ఉంటుంది. రా ఫైల్‌లో (కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైల్‌లో) కూడా అది పూర్తిగా తిరిగి రాదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. 250 దగ్గర వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకండి, కంటికి ప్రమాదం. 200డీకి తిప్పుకునే స్క్రీన్ ఉంది కాబట్టి నేను లైవ్ వ్యూలోనే (వ్యూఫైండర్ కాకుండా స్క్రీన్ మీద చూస్తూ) తీస్తాను, అదీ సూర్యుడు బాగా కిందికి దిగి ఎర్రబడ్డాకే. ఆ స్క్రీన్‌ని పైకి తిప్పి కెమెరాని ఇసుకకి జానెడు ఎత్తులో పట్టుకుంటే మనుషుల తలలు వెనకున్న కొండ గీతని దాటి ఆకాశంలోకి వస్తాయి. నిలబడి తీస్తే ఆ గీత సరిగ్గా మెడ దగ్గరికి వచ్చి బొమ్మని రెండు ముక్కలు చేస్తుంది. చేతికీ నడుముకీ మధ్య, రెండు కాళ్ల మధ్య వెలుగు కనిపించేదాకా ఆగాలి. అది లేకపోతే మనిషి దిమ్మలా కనిపిస్తాడు.

రెండేళ్ల క్రితం జాలరిపేట దగ్గర ఇద్దరు కర్రకి వల వేలాడదీసుకుని భుజాల మీద మోసుకెళ్తుంటే తీశాను. వల కన్నుల్లోంచి వెలుగు ఒక్కో గడిలో చుక్కలా వచ్చింది. పక్కనే వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన స్క్రీన్‌లో చూసి, "మొకాలు నల్లగా ఉన్నాయి కదా బాబూ" అన్నాడు. మళ్లీ దగ్గరికి లాక్కుని చూసి, "ఈ ఎనకోడు మా అల్లుడే. ఆడి నడుం సూడు, బరువెత్తితే అలాగే వంచుతాడు" అన్నాడు. ముఖం లేకుండానే మనిషిని గుర్తుపట్టాడు. నేను దాచుకున్న ఫొటోల్లో దానికంటే ఇష్టమైంది లేదు. తర్వాత ప్రింటు తీసుకెళ్లి ఆయనకిచ్చాను.

సూర్యుడు దిగగానే ట్రైపాడ్ సర్దేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఎత్తైన పల్చటి మేఘాలకి మరో పది, పదిహేను నిమిషాల తర్వాతే కింద నుంచి రంగు ఎక్కుతుంది. అప్పుడే వెనక్కి, సముద్రంవైపు తిరగండి. నీళ్ల మీద ముదురు నీలం పట్టీ, దాని పైన గులాబీ పట్టీ. ఆ నీలం భూమి నీడ. లంగరేసిన ఓడలు వాటి మీద చిన్న చిన్న నల్ల గీతల్లా ఉంటాయి. ఆ వేళకి నా కెమెరా ఆటోఫోకస్ తడబడుతుంది, ఫోకస్ పాయింటుని ఓడ అంచు మీద పెడితే పట్టేస్తుంది. ఐఎస్ఓ 1600 దాకా వెళ్లాల్సి వస్తుంది, అప్పుడు ఆ నీలంలో గరుకు కనిపిస్తుంది. నల్లటి బొమ్మల్లో దాని బెంగ లేదు, అక్కడ వివరాలు మనకి అక్కర్లేదు కదా.

ఇక లోటుపాట్లు. లెన్స్ 375 గ్రాములే, మౌంటు ప్లాస్టిక్‌ది, నీటికీ దుమ్ముకీ సీలింగ్ లేదు. హుడ్ (పక్క నుంచి పడే వెలుగుని ఆపే తొడుగు) విడిగా కొనుక్కోవాలి. మొదట్లో అద్దానికి రక్షణగా ఉంటుందని ఒక చవక ఫిల్టర్ బిగించాను. ఏడాదిపాటు ప్రతి ఫొటోలో సూర్యుడికి ఎదురు మూలలో ఆకుపచ్చ మచ్చ. లెన్స్‌దే తప్పనుకున్నాను, ఫిల్టర్ తీసేశాక మచ్చ కనిపించలేదు. రెండో వానాకాలం తడి గాలిలో తిరిగొచ్చి బ్యాగు జిప్ వేసి నెలరోజులు అలాగే వదిలేశాను, తెరిచి చూస్తే ముందు అద్దం అంచున సన్నగా ఫంగస్. పూర్తిగా నా నిర్లక్ష్యమే. శుభ్రం చేయించాక బాగైంది. అప్పటినుంచి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెడుతున్నాను. ఇంటికి రాగానే ముందు బ్లోయర్‌తో ఇసుక ఊది, ఆ తర్వాతే తడి గుడ్డతో ఉప్పు తుడుస్తాను. బీచ్‌లో లెన్స్ మార్చను.

ఈ లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతుంది. కొనేముందు వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.