ఏడేళ్లు తప్పు వరుసలో విన్న ఆల్బం: విథిన్ టెంప్టేషన్ 'మదర్ ఎర్త్'

విథిన్ టెంప్టేషన్ నెదర్లాండ్స్ మెటల్ బ్యాండ్, అంతకుమించి ఎవరు, ఎంతమంది అని మొదట్నుంచి చెప్పను, ఇది చదవడానికి వచ్చారంటే వాళ్ల గాయని షారన్ డెన్ అడెల్ గొంతు ఎక్కడో ఒకసారి మీ చెవిన పడే ఉంటుంది. నేను చెప్పేది వాళ్ల రెండో ఆల్బం మదర్ ఎర్త్ గురించి, అందులోనూ ఒక్క నిమిషం చిల్లర ఉండే ఒక ముక్క గురించే ఎక్కువ. దాని పేరు ఇంట్రో. దాని మీద నాకున్నది కోపమో ప్రేమో ఇన్నేళ్లైనా తేలలేదు.

2007, ఇంజనీరింగ్ సెకండియర్. హాస్టల్ కంప్యూటర్ నెట్‌వర్క్‌లో డీసీ ప్లస్ ప్లస్ అని ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్ నడిచే రోజులు, ఎవడి హార్డ్ డిస్క్‌లో ఏముందో హాస్టల్ మొత్తానికి తెలిసేది. ఒక సీనియర్ షేర్‌లో మెటల్ అని ఫోల్డర్ కనిపిస్తే అందులోంచి ముందు వీళ్ల మొదటి ఆల్బం ఎంటర్ (1997) లాగాను. అందులో షారన్ మెత్తగా పాడుతుంటే మధ్యలో గిటారిస్టు రాబర్ట్ వెస్టర్‌హోల్ట్ వచ్చి పులిలా గాండ్రిస్తాడు. నాకప్పట్లో ఆ గాండ్రింపే మెటల్. రెండోది ఇంకా గట్టిగా ఉంటుందనే ఆశతో మదర్ ఎర్త్ కూడా కాపీ కొట్టా. పాట తర్వాత పాట తిప్పుతున్నా, ఆ గాండ్రింపు రాదే! మొదటిరోజు నిజంగా మోసపోయినట్టే అనిపించింది, మా రూమ్మేట్ అయితే "ఏంట్రా మామా, మెటల్ అని చెప్పి లాలిపాట పెట్టావ్" అని దుప్పటి కప్పుకున్నాడు.

కానీ డిలీట్ చెయ్యలేదు. ఆ గొంతులో ఏదో ఉంది. అదే హాస్టల్లో నైట్‌విష్ అని ఇంకో మెటల్ బ్యాండ్ కూడా వినేవాళ్లం, అందులో గాయని తార్యా పాడితే స్టేజీ మీద మహారాణి నిలబడ్డట్టు ఉంటుంది, మనం కింద కుర్చీలో కూర్చుని వినాలి. షారన్ది అలా కాదు, పక్కగదిలో ఎవరో వంట చేసుకుంటూ తనకోసం తను పాడుకుంటున్నట్టు సన్నగా మొదలవుతుంది, ఎప్పుడు అంత పైకి వెళ్లిందో మనకి తెలీదు. ఎం-త్రీ (మ్యాథ్స్ మూడో పేపర్) తప్పి బ్యాక్‌లాగ్ పడిన రాత్రి ఇందులోని అవర్ ఫేర్‌వెల్ పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అది నిజానికి చనిపోయిన మనిషికి చెప్పే వీడ్కోలు, నేను పోయిన మార్కులకి వాడుకున్నా, అది వేరే విషయం.

ఇంక అసలు సంగతి. నాకో బుల్లి ఎంపీత్రీ ప్లేయర్ ఉండేది, పేరూ ఊరూ లేని కంపెనీది, ఒకటే లైను డిస్‌ప్లే, పెన్సిల్ సెల్లు మీద నడిచేది. సీనియర్ దగ్గర కాపీ చేసిన పాటలకి ముందు నంబర్లు లేవు, ఉత్త పేర్లే. ఈ ప్లేయరేమో ఏ, బీ, సీ వరుసలో మాత్రమే వాయిస్తుంది. అంటే నా మదర్ ఎర్త్ కేజ్డ్‌తో మొదలవుతుంది, తర్వాత డార్క్ వింగ్స్, డిసీవర్ ఆఫ్ ఫూల్స్, ఐస్ క్వీన్, ఇన్ పర్‌ఫెక్ట్ హార్మొనీ, ఆ తర్వాత ఇంట్రో, వెంటనే మదర్ ఎర్త్. చూశారా, ఇంట్రో అయిపోగానే టైటిల్ సాంగ్! ఎవడికైనా అనుమానం వస్తుందా? అయిదు పాటలు వినిపించి, మనల్ని తయారుచేసి, అప్పుడు ఇంట్రో వేసి టైటిల్ సాంగ్‌ని ఊరేగింపుగా తెస్తున్నారు, ఏం బుర్రలు వీళ్లవి అనుకున్నా. అనుకోవడమే కాదు, ఈ గొప్ప ఏర్పాటు గురించి కనీసం నలుగురికి లెక్చర్ ఇచ్చా. ఆఖర్న ది ప్రామిస్, ఎనిమిది నిమిషాలు. శనివారం ఊరికెళ్లే పల్లెవెలుగులో కేజ్డ్ పెడితే ది ప్రామిస్ అయ్యేసరికి మా స్టాపు వచ్చేది. అలా ఏడేళ్లు.

2014లో మా టీమ్‌లో ఒక తమ్ముడు ఆన్‌సైట్‌కి నెదర్లాండ్స్ వెళ్లి వస్తూ "అన్నా, చాక్లెట్లు తేనా" అని ఫోన్ చేశాడు. చాక్లెట్లు వద్దు నాయనా, ఈ బ్యాండ్ సీడీ దొరికితే పట్రా అన్నా, పాపం ఏదో పాత సీడీల కొట్లో వెతికి తెచ్చాడు. వెనక అట్ట తిప్పి చూస్తే ఒకటి మదర్ ఎర్త్, రెండు ఐస్ క్వీన్, మూడు అవర్ ఫేర్‌వెల్... ఇంట్రో ఎక్కడా అని వేలు పెట్టుకుంటూ దిగితే ఎనిమిదో నంబర్ దగ్గరుంది. "తమ్ముడూ, ఇదేదో పైరసీలా ఉందయ్యా, వరుస తప్పు ప్రింటయింది" అన్నా. వాడు "అన్నా, వాళ్ల బ్యాండే, వాళ్ల దేశంలోనే కొన్నా" అన్నాడు. నేను పైరసీ గురించి మాట్లాడటం ఏంటో, అసలు.

ఆ రాత్రి సీడీ పెట్టుకుని కూర్చున్నా. మొదటి రెండు పాటలు అంత హడావుడి చేశాక వెంటనే అవర్ ఫేర్‌వెల్‌లో పియానో వచ్చేసరికి ఒళ్లు జల్లుమంది, ఎందుకంటే నా వరుసలో అది తొమ్మిదోది, అప్పటికే చెవులు అలిసిపోయి ఉండేవి. ఏడోది డిసీవర్ ఆఫ్ ఫూల్స్, ఏడున్నర నిమిషాల పాట, అది ముగిశాక ఇంట్రో వచ్చింది. నా చెవి అలవాటుగా మదర్ ఎర్త్ కోసం సిద్ధమైపోయింది, వచ్చిందేమో డార్క్ వింగ్స్. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నా, మళ్లీ అదే. ఏం చేసినా ఇప్పటికీ ఇంట్రో చివరి రెండు సెకన్లలో నా బుర్ర మదర్ ఎర్త్ మొదలెట్టేస్తుంది. ఎనిమిదో పాటకి ఇంట్రో అని పేరు పెట్టినవాళ్లని ఏమనాలి? పెరుగన్నం దగ్గరికొచ్చాక విస్తరి వేసినట్టు లేదూ?

అయితే నాలుగైదుసార్లు వరుసగా విన్నాక వాళ్ల లెక్క కొంచెం అర్థమైంది. అంత పొడుగు పాట తర్వాత ఆ నిమిషం ఊపిరి తీసుకోవడానికి, అక్కణ్ణుంచి డార్క్ వింగ్స్ ఒక దెబ్బ కొట్టి, ఇన్ పర్‌ఫెక్ట్ హార్మొనీలో ఏడు నిమిషాలు మెల్లగా ఇంటికి దింపుతారు. నేనేమో ఆ పాటని మధ్యలో విని స్లోగా ఉందని నెక్స్ట్ నొక్కేసేవాణ్ణి. ఇప్పుడు ఆల్బంలో నాకు బాగా ఇష్టమైంది అదే. ఏడేళ్లు నొక్కేసిన పాట.

ఇంకోటి కూడా చెప్పాలి. కాలేజీలో నేను దీన్ని ఆర్కెస్ట్రా, ఆర్కెస్ట్రా అని తెగ పొగిడేవాణ్ణి. మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాక తెలిసింది, అందులో చాలావరకు కీబోర్డే. వాయించింది రాబర్ట్ తమ్ముడు మార్టైన్, 2001లో జబ్బు చేసి బ్యాండ్ వదిలేశాడు, తర్వాత డిలేన్ అని సొంత బ్యాండ్ పెట్టుకున్నాడు. అసలైన ఆర్కెస్ట్రా, కోరస్ వచ్చింది 2004లో, ది సైలెంట్ ఫోర్స్ అనే తర్వాతి ఆల్బంతో. 2008లో రాటర్‌డామ్‌లో మెట్రోపోల్ ఆర్కెస్ట్రాతో చేసిన బ్లాక్ సింఫనీ కచేరీ చూశాక ఆల్బంలోని డిసీవర్ ఆఫ్ ఫూల్స్ వింటే కొంచెం సన్నబడ్డట్టు ఉంటుంది, నీళ్ల చారులా అనను గానీ పప్పు తక్కువే. ఐస్ క్వీన్ వాళ్ల దేశంలో చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్లింది, కాదనను, కానీ అది నాకు అరిగిపోయింది, మొదటి పల్లవి తర్వాత చెయ్యి దానంతటదే నెక్స్ట్ బటన్ మీదకి పోతుంది. షారన్ గొంతు మాత్రం ఏ హెడ్‌ఫోన్ పెట్టినా తగ్గలేదు.

ఇప్పుడు సీడీ అల్మారాలో ఉంది, పెట్టుకునే డ్రైవే ఇంట్లో లేదు. కారులో పెన్‌డ్రైవ్ పెడితే ఆ స్టీరియో కూడా ఏబీసీడీ బాపతే, మళ్లీ కేజ్డ్, మళ్లీ ఇంట్రో తర్వాత మదర్ ఎర్త్. వెనక సీట్లో మా పాప ఇంట్రో మొదలవగానే "నాన్నా, ఇప్పుడు పెద్ద పాట వస్తుంది కదా" అంటుంది. పాటల పేర్ల ముందు నంబర్లు వేసి సరిచెయ్యడం పది నిమిషాల పని, ఏ ఆదివారానికా ఆదివారం వాయిదా పడుతోంది.

కొనొచ్చా, వినొచ్చా అంటే, మీకు గాండ్రింపులే కావాలంటే ఇది వద్దు, ఎంటర్ వినండి. నిజమైన ఆర్కెస్ట్రా కావాలంటే తర్వాతి ఆల్బంకి వెళ్లిపోండి. గొంతు కోసమైతే ఇదే, నంబర్ల వరుసలోనే, షఫుల్ ఆపేసి. అయినా నా మాట మరీ నమ్మకండి, ఆ బస్సు కిటికీ, ఆ బ్యాక్‌లాగు లేకుండా ఈ ఆల్బం ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ వినలేదు కదా.