ఐదు తీగల బేస్ గిటార్: కొన్నేళ్ళు గిగ్గుల్లో తిప్పాక

ఇది అన్‌బాక్సింగ్ రివ్యూ కాదు. నా బేస్ వెనకాల పెయింటు బెల్టు బకిల్ గీతలతో ఎప్పుడో పోయింది, వాల్యూమ్ నాబ్ ఏదో కన్వెన్షన్ హాల్లో రాలిపోతే దాని చోట వేరే గిటార్‌ది పెట్టాను, బ్యాగు జిప్పుకి తాడు కట్టుకుని లాగుతున్నాను. మధ్యరకం ధర, ఐదు తీగలు, యాక్టివ్ (బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ అనే టోన్ సర్క్యూట్ లోపల ఉన్నది), రెండు హంబకర్లు (హమ్ తగ్గించే రకం పికప్‌లు), 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు). కంపెనీ పేరు రాయట్లేదు. ఆ ధరలో నాలుగైదు కంపెనీలు దాదాపు ఇదే సరుకు అమ్ముతున్నాయి, నేను చెప్పేది వాటన్నిటికీ సరిపోతుంది.

హైదరాబాద్‌లో కొత్తగా బేస్ పట్టిన ప్రతి తమ్ముడూ అడిగేది ఒకటే, "అన్నా, నాలుగు తీగలు చాలవా?" చాలు. బేస్‌లో పెద్ద పేర్లైన జేమ్స్ జేమర్సన్, జాకో పాస్టోరియస్ ఇద్దరూ నాలుగు తీగలతోనే అంత పని చేశారు, మనమెంత. కానీ పెళ్ళి సంగీత్‌లు, కార్పొరేట్ షోలు, జూబ్లీహిల్స్ పబ్బులు, ఆదివారం బ్రంచ్‌లు, వినాయకుడి మండపాలు, ఏది వస్తే అది పట్టుకుని నెల గడుపుకునేవాడికి ఐదోది ఉంటే పని చాలా తేలికవుతుంది. అయితే షాపువాడు చెప్పే కారణం వేరు, అసలు కారణం వేరు.

షాపులో ఏం చేస్తారంటే, పెద్ద ఆంప్‌కి తగిలించి ఐదోదైన ఆ లావు బి తీగను ఖాళీగా, అంటే ఎక్కడా నొక్కకుండా, ఒక్కసారి మీటుతారు. నేల అదురుతుంది, గుండెలో కొట్టినట్టుంటుంది, అక్కడే పర్సు తీసేస్తాం. ఆ అదురుడు షాపులోనే వదిలేసి వస్తున్నామని మాత్రం ఎవరూ చెప్పరు. ఖాళీ బి తీగ దాదాపు 31 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కిందిదైన ఇ తీగ 41. మన ఫంక్షన్ హాళ్ళలో పెట్టే టాప్ స్పీకర్లు 50కి కింద చేతులెత్తేస్తాయి, మంచి సబ్‌లు (కింది శబ్దాలకే పెట్టే పెద్ద స్పీకర్లు) ఉన్నా 40 దగ్గరికొచ్చేసరికి ఊపిరి సరిపోదు. దానికి తోడు సౌండ్ అన్న మిక్సర్‌లో లో-కట్ బటన్ నొక్కి ఉంచుతాడు, చాలా మిక్సర్లలో అది 75, 80 లేదా 100 హెర్ట్జ్ నుంచి కింద ఉన్నదాన్ని తగ్గించేస్తుంది. బేస్ ఛానెల్‌కి అది తీసెయ్యమని మనం అడగాలి, అడిగితే "ఉంటది భాయ్, మైకులన్నీ గుయ్యిమంటున్నయ్" అంటాడు. అతని బాధ కూడా నిజమే. అయినా బి తీగ జనానికి వినపడుతుంది కదా అంటే, వినపడేది 62, 93 దగ్గరున్న పై పౌనఃపున్యాలు. కిందిది చెవి తనంతట తానే ఊహించుకుంటుంది. అందుకే పిక్ పట్టి వాయిస్తే, లేదా బ్రిడ్జి వైపు జరిగి మీటితే బి తీగలో మాట స్పష్టంగా ఉంటుంది, మెడ దగ్గర మెత్తగా మీటితే స్టేజి మీద మనకి మాత్రమే బాగుంటుంది.

మరి ఎందుకు కొనాలి? పాటగాళ్ళ కోసం.

మన దగ్గర పాట స్కేల్ ఎంత అని అడిగితే చాలామంది సింగర్లు ఇప్పటికీ శ్రుతి లెక్కే చెప్తారు. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ. రిహార్సల్‌లో మూడులో వాయించుకున్న పాటకి, స్టేజి మీద డ్రమ్మర్ స్టిక్స్ ఎత్తాక, సింగర్ వెనక్కి తిరిగి "అన్నా, పొద్దుట్నుంచి గొంతు పట్టేసింది, రెండున్నరకి దించుదామా" అంటాడు. కీబోర్డ్ అన్న ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కి మైనస్ వన్ చేసేసుకుని నవ్వుతూ చూస్తాడు. ప్యాడ్స్ వాయించేవాడికి అసలు సంబంధమే లేదు. నాలుగు తీగల బేస్ పట్టుకున్నవాడి పరిస్థితి ఏంటి? మూడులో ఉన్నప్పుడు ఖాళీ ఇ తీగ మీద లావుగా కూర్చున్న స్వరం, రెండున్నరకి దిగేసరికి గిటార్‌లోనే లేదు. ఎ తీగ మీద ఆరో ఫ్రెట్‌కి (మెడ మీది గడికి) పోయి ఒక స్థాయి పైన పట్టుకోవాలి. పట్టుకోవచ్చు, స్వరం కరెక్టే, కానీ పల్లవి సన్నబడిపోతుంది, వేళ్ళ దారి మొత్తం మారిపోతుంది, ఆ టెన్షన్‌లో చరణానికి ముందున్న బ్రేక్ మిస్సవుతుంది.

ఐదు తీగలదైతే ఆ ఇ స్వరాన్ని మొదటినుంచీ బి తీగ ఐదో ఫ్రెట్ మీద పట్టుకుంటాను. రెండున్నర అంటే నాలుగో ఫ్రెట్, రెండు అంటే మూడు. వేళ్ళ పద్ధతి ఏమీ మారదు, చెయ్యి మొత్తం ఒక గడి జరిగితే చాలు. నేను ఖాళీ తీగలు వాడడం దాదాపు మానేసింది ఇందుకే. ఈ ఒక్క సౌకర్యానికే ఈ వాయిద్యానికి పెట్టిన డబ్బు తిరిగొచ్చింది అనుకుంటాను, మిగతావన్నీ బోనస్, కొన్నైతే తలనొప్పి.

అసలు ఐదో తీగ పుట్టుకలో కూడా ఈ సంగతే ఉంది. ఫెండర్ వాళ్ళు 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి నాలుగు తీగలు. 1965లో బేస్ ఫైవ్ అని ఒకటి తెచ్చారు, అందులో అదనపు తీగ కింద లేదు, పైన ఉంది, హై సి. ఫ్రెట్లు 15 మాత్రమే. మెడ మీద చెయ్యి పైకీ కిందికీ పరుగెత్తకుండా ఉన్నచోటే అన్నీ అందాలన్నది ఆలోచన. ఆ మోడల్ పెద్దగా అమ్ముడుపోలేదు. కింది బి తీగ జోరు తర్వాతిది, 80ల్లో రికార్డింగుల్లో సింథ్ బేస్ ఇ కంటే కిందికి దిగడం మొదలెట్టాక బేస్ వాళ్ళు కూడా దాని వెంట పడ్డారు. మన ఇప్పటి తెలుగు మాస్ బీట్లలో కిందిదంతా సింథే కాబట్టి ఆ పాటలకి బి తీగ ఎలాగూ కావాలి, అదీ ట్రాక్ వెయ్యకుండా లైవ్‌గా వాయించే బ్యాండ్ అయితేనే.

ఇక్కడే ఒక మాట. ఇళయరాజా 80ల పాటలు సెట్‌లిస్ట్‌లో ఉంటే ఐదో తీగ మీద చెయ్యి పెట్టకండి. ఆ పాటల్లో బేస్ లైన్ పాట పక్కన ఇంకో పాటలా నడుస్తుంది, అది ఎ, డి, జి తీగల మీద పలకాల్సిన సంగతి. దాన్ని కిందికి లాగి గుర్రుమనిపిస్తే సింథ్ ప్యాడ్‌కీ బేస్‌కీ తేడా ఉండదు. రవీంద్రభారతిలో పాత పాటల నైట్‌కి వచ్చే పెద్దవాళ్ళు బేస్ గిటార్ పేరు తెలియకపోయినా ఆ లైన్ తప్పితే మొహం చిట్లిస్తారు, నేను ముందు వరసల్లో చూశాను.

ఇంకో గొడవ కీబోర్డ్ అన్న ఎడమ చెయ్యి. ఆర్కెస్ట్రాల్లో ఏళ్ళ తరబడి బేస్ గిటార్ లేకుండా కీబోర్డ్ ఎడమ చేత్తోనే బేస్ వాయించడం అలవాటు, మనం వచ్చి నిలబడ్డా ఆ చెయ్యి ఆగదు. రెండూ ఒకే చోట కొట్టుకుంటే హాలంతా బురద. "అన్నా, ఎడమ చెయ్యి కొంచెం పైకి" అని నవ్వుతూ అడగడమే మార్గం, ఏ ఈక్వలైజర్ ఈ సమస్య తీర్చదు.

వాయించే తీరుకి వస్తే, మొదటి కొన్ని నెలలు ఐదో తీగ మనల్నే వాయిస్తుంది. సబ్‌ల పక్కన నిలబెట్టారంటే మనం ముట్టుకోకపోయినా ఆ తీగ డ్రమ్స్ కిక్‌కి తనంతట తానే మోగుతూ ఉంటుంది. కుడి బొటనవేలు పికప్ మీద ఆనించడం మానేసి, బి తీగ మీదే ఆనించి మిగతావి మీటాలి, పై తీగలకి వెళ్ళేకొద్దీ బొటనవేలు కూడా వెంట జరగాలి. అప్పుడే అది నోరు మూసుకుంటుంది. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించడం) వాయించేవాళ్ళకి ఇంకో ఇబ్బంది, చాలా ఐదు తీగల వాటిలో బ్రిడ్జి దగ్గర తీగల మధ్య ఎడం నాలుగు తీగల వాటికన్నా తక్కువ. నాకు పెళ్ళిళ్ళలో స్లాప్ అడిగేవాళ్ళు లేరు కాబట్టి దిగులు లేదు.

యాక్టివ్ ప్రీఆంప్ గురించి నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కేబుల్ జాక్‌లో పెట్టగానే అది ఆన్ అవుతుంది, దానికి వేరే ఆన్ స్విచ్ ఏమీ ఉండదు. రాత్రి షో అయ్యాక కేబుల్ పీకకుండా మూల నిలబెట్టి పడుకుంటే బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. ఆల్కలైన్‌ది వేస్తే వందల గంటలొస్తుంది, కిరాణా కొట్లో దొరికే చవక రకం వేస్తే చెప్పలేం. అయిపోయేముందు బేస్ గొంతు చీరుకుపోయినట్టు వస్తుంది, అది స్పీకర్ తప్పనుకుని సౌండ్ అన్నతో గొడవకి దిగకండి. ప్రీఆంప్ వల్ల లాభం ఏంటంటే, ఎవరో తెచ్చిన మిక్సర్, ఎవరో తెచ్చిన స్పీకర్ల మధ్య కనీసం మిడ్ నాబ్ మన చేతిలో ఉంటుంది. హాలు గుంయ్ అంటుంటే బేస్ పెంచక్కర్లేదు, మిడ్ కొంచెం ఎత్తితే చాలు. కొనేటప్పుడు పాసివ్‌కి మార్చే స్విచ్ ఉన్నదే తీసుకోండి, బ్యాటరీ చచ్చినా షో నడుస్తుంది.

ఆంప్ కన్నా ముందు సొంత డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ని నేరుగా మిక్సర్‌కి పంపే చిన్న డబ్బా) కొనండి, ఇది గట్టిగా చెప్తున్నా. ఈ ఊళ్ళో ఆంప్ మోసే ఓపిక, పెట్టే చోటు రెండూ ఉండవు, జనం వినేదంతా పీఏ లోంచే, అంటే హాలు స్పీకర్లలోంచే. కొంపల్లి, శంషాబాద్ వైపు లాన్స్‌లో జనరేటర్ మీద లైట్లు, ఎల్‌ఈడీ వాల్, సౌండ్ అన్నీ కలిపి లాగుతారు, బేస్ పెట్టగానే 50 హెర్ట్జ్ హమ్ మొదలు. హంబకర్లు పికప్ పట్టే హమ్‌ని ఆపుతాయి గానీ ఎర్త్ లూప్‌ని (రెండు చోట్ల ఎర్త్ కలిసి వచ్చే హమ్‌ని) ఆపలేవు, దానికి డీఐ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చే దిక్కు. మన బేస్ యాక్టివ్ కాబట్టి పాసివ్ డీఐ చాలు, దానికి మిక్సర్ నుంచి 48 వోల్టులు అడిగే పని కూడా లేదు. ఓపెన్ లాన్స్‌లో రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ కుదరదు, అతిథులు వచ్చేది తొమ్మిదికి, ఇక సౌండ్ చెక్‌లో బేస్ వంతు వచ్చేసరికి "తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అనేది రాదు. డీఐ మనదైతే సగం పని అయిపోయినట్టే.

బరువు నాలుగున్నర కిలోల దాకా ఉంటుంది. నిలబడి మూడు గంటలంటే ఎడమ భుజం చెప్తుంది, వెడల్పాటి స్ట్రాప్ కొనండి, డబ్బు చూసుకోకండి. బైక్ మీద వీపుకి తగిలించుకుంటే హెడ్‌స్టాక్ హెల్మెట్‌కి పైన నిలబడి ఉంటుంది, సెల్లార్‌లోకి దిగేటప్పుడు మనం వంగినా అది వంగదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద టూవీలర్లకి అనుమతి లేదు కాబట్టి శంషాబాద్ షోలకి సర్వీస్ రోడ్డే, గంట ముందు బయల్దేరాలి.

ఎండల గురించి ఎవరూ రాయరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మెడ కర్ర ఒక లెక్కా. ఫ్రెట్‌బోర్డ్ ఎండి కాస్త కుంచించుకుపోయి ఫ్రెట్ల అంచులు పక్కకి పొడుచుకొస్తాయి, అరచెయ్యి జారించగానే తెలుస్తుంది. వానలు పడ్డాక మళ్ళీ యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) మారుతుంది. ఐదు తీగలు లాగే బలం ఎక్కువ కాబట్టి ట్రస్ రాడ్‌కి (మెడ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీకి) ఏడాదిలో రెండుమూడు సార్లు పావు చుట్టు చొప్పున పని పడుతుంది. ఎల్లెన్ కీ బ్యాగులోనే ఉంచండి. పార్క్ చేసిన కారు డిక్కీలో మధ్యాహ్నం పూట బేస్ వదలకండి, జిగురు ఊడిన వాళ్ళని ఎరుగుదును.

తీగల ఖర్చు మాత్రం మంట. ఐదింటి సెట్టు నాలుగింటి కన్నా బాగా ఎక్కువ, లావుగా ఉండే 130 గేజ్ బి తీగ ఒక్కటే విడిగా కావాలంటే ఊరంతా తిరగాలి. మోత తగ్గిన రౌండ్‌వౌండ్ తీగల్ని విప్పి మరిగే నీళ్ళలో కాసేపు వేసి, బాగా ఆరబెట్టి మళ్ళీ వేస్తే కొన్ని షోల దాకా మెరుపు తిరిగొస్తుంది. ఇంట్లో వాళ్ళు గిన్నె వేరే పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను.

ఇక కొనడానికి వెళ్తే. షాపువాడు ఖాళీ బి తీగ మీటి చూపిస్తాడు, చూడండి, మెచ్చుకోండి. తర్వాత గిటార్ మీరు తీసుకుని ఆంప్‌లో బేస్ నాబ్ బాగా తగ్గించమనండి. బి తీగ నాలుగో ఫ్రెట్ పట్టి, ఎ తీగ ఆరో ఫ్రెట్ పట్టి మార్చిమార్చి వాయించండి. రెండూ ఒకే స్వరం, ఒక స్థాయి తేడా. కిందిది కూడా పైదాని లాగే గట్టిగా, శ్రుతి స్పష్టంగా పలికితే మెడ బాగుంది, 34 అంగుళాలైనా 35 అయినా పర్వాలేదు. వదులుగా డబ్బాలో రాయి ఆడినట్టు మోగితే, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా దాన్ని అక్కడే పెట్టేసి పక్కది తియ్యమనండి.