చందా సొమ్ము పంపకం: ఉమ్మడిగానా, శ్రోతల వారీగానా?

ఆన్‌లైన్‌లో పాటలు వినిపించే స్పాటిఫై సంస్థ ప్రధానంగా అనుసరించే ఉమ్మడి పద్ధతిలో, చందాలను, ప్రకటనల ఆదాయాన్ని ఒకచోట చేర్చి, మొత్తం ప్లేలలో (పాటలు మోగిన సార్లలో) ఎవరి వాటా ఎంతో అంత భాగం ఆ హక్కుదారులకు ఇస్తారు. అందువల్ల త్యాగరాజ కృతులు తప్ప మరేమీ వినని శ్రోత కట్టిన చందాలోనూ అధిక భాగం, అతడు ఎన్నడూ వినని సినిమా పాటలకే చేరుతుంది. పైగా 2024 నుంచి ఆ సంస్థలో ఏడాదికి 1000 ప్లేలైనా రాని పాటకు చెల్లింపే లేదు.

2021లో అలాంటి మరో సంస్థ సౌండ్‌క్లౌడ్ స్వతంత్ర కళాకారుల కోసం తెచ్చిన రెండో పద్ధతిలో, ఏ శ్రోత సొమ్ము ఆ శ్రోత విన్నవారికే వెళ్తుంది. దొంగ ఖాతాలతో ఒకే పాటను రాత్రింబవళ్లు మోగించి ఇతరుల వాటాను కాజేసే మోసానికి ఇక్కడ చోటు తక్కువ, ఎందుకంటే ఒక ఖాతా నుంచి దాని సొంత సొమ్ముకు మించి రాదు. లెక్క చిక్కైనదే, రోజంతా మోగే హిట్ పాటలకు ఆదాయమూ తగ్గవచ్చు. అయినా శాస్త్రీయ, జానపద గాయకులకు ఇదే న్యాయమని నా అభిప్రాయం.

అయితే ఏ పద్ధతిలోనైనా సొమ్ము సాధారణంగా ముందు ఆడియో కంపెనీకే చేరుతుంది. మన దేశంలో గీత రచయితలకు, స్వరకర్తలకు 2012 కాపీరైట్ సవరణ వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ (పాట వాడకంపై వచ్చే వాటా) హక్కును ఇచ్చింది.