ఆరేళ్లు ఎంపీలకు మార్కులేసుకున్నాక

2019 ఎన్నికలయ్యాక పట్టుకుంది నాకీ పిచ్చి. పార్లమెంటు పనిని గమనించే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ సైటులో ‘ఎంపీ ట్రాక్’ చూసి, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులో గళ్లు గీసుకుని తిరుపతి, చిత్తూరు ఎంపీల లెక్క రాసుకోవడం. పార్లమెంటు సమావేశాలు ముగిసిన ప్రతిసారీ ఒక ఆదివారం దీనికే పోతుంది. ఇప్పుడు రెండో పుస్తకం నడుస్తోంది. ‘మనోడికి ఎన్ని మార్కులు’ అని వెతికే వాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం ఇది. ఎమ్మెల్యేల జోలికి నేను పోలేదు, ఇద్దరు ఎంపీలకే తల ప్రాణం తోకకొచ్చింది.

బాగున్నది ముందు చెప్తా. హాజరు, చర్చలు, ప్రశ్నలు, ప్రైవేటు మెంబరు బిల్లులు (మంత్రులు కాని ఎంపీలు పెట్టేవి). పక్కనే రాష్ట్ర సగటు, దేశ సగటు. డబ్బు కట్టక్కర్లేదు. వాళ్లు ఎవరికీ ర్యాంకు ఇవ్వరు, అంకె చూపించి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. మధ్యలో ఒక యాప్ చూసి మోసపోయా. అందులో ఎంపీలకు నేరుగా చుక్కలే, అంటే స్టార్ రేటింగే ఇచ్చేవాళ్లు. పట్టిక ప్రింటు తీసి, మా వీధి చివర టీ కొట్లో గోడకు అంటించా. అడుగున ఒక కేంద్రమంత్రి, సున్నా చుక్కలతో. పొద్దున వాకింగ్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ లెక్చరర్ అది చదివి టీ పక్కన పెట్టేసి నవ్వాడు. “మంత్రి లేచి మంత్రిని ప్రశ్న అడగతాడా సామీ? మంత్రులకు హాజరు సంతకం కూడా ఉండదు గదా!” మధ్యాహ్నానికల్లా నేనే పోయి చించేశా.

హాజరు గడికి నేను పెద్ద విలువ ఇవ్వను. హాజరు వేసుకుంటే చాలు, లోపల ఎంతసేపు కూర్చున్నారన్నది అందులో ఉండదు. పైగా ఈ లెక్క మనిషికే తప్ప నియోజకవర్గానికి కాదు. మన ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు 2020 సెప్టెంబరు 16న కరోనాతో చనిపోయారు. ఉప ఎన్నిక ఫలితం 2021 మే 2న వచ్చింది. ఈలోపు బడ్జెట్ సమావేశాలు జరిగిపోయాయి, తిరుపతి కుర్చీ ఖాళీ. ఎవరి పేజీలోనూ ఆ లోటు కనిపించదు. నా పుస్తకంలో మాత్రం ఒక వరుసంతా అడ్డగీత.

ప్రైవేటు మెంబరు బిల్లుల గడి చూసి మురిసిపోకండి. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి చట్టాలైనవి మొత్తం 14. 1970 తర్వాత ఒక్కటీ లేదు.

ఇక అసలు సంగతి, ఓటు. మా చిన్నాయన కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ లీగ్ ఆఫ్ కన్జర్వేషన్ వోటర్స్ అనే పర్యావరణ సంస్థ 1970 నుంచీ కొన్ని బిల్లులు ఎంచుకుని, ఎవరు ఎటు ఓటేశారో చూసి నూటికి ఇన్ని అని మార్కులేస్తుందని చెప్పి, వాళ్ల ప్రతినిధి మార్కులు ఫోన్లో చూపించాడు. నాకూ ఆశ పుట్టింది. రైతులకు పట్టే బిల్లులు కొన్ని ఏరుకుని కూర్చున్నా. చాలా వాటికి ఎవరు ఎటు ఓటేశారో పేర్లే లేవు. ‘అవునన్న వాళ్లు’, ‘కాదన్న వాళ్లు’, స్పీకరు చెవికి ఏది గట్టిగా వినపడితే అది. మూజువాణి ఓటు. సభ్యులు డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు అడిగి, అది జరిగితేనే పేర్లు రికార్డుకెక్కేది. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో రెండు వ్యవసాయ బిల్లులు, ప్రతిపక్షం డివిజన్ కావాలని అరుస్తుండగానే, మూజువాణితోనే అయిపోయాయి.

అంతకంటే మనకు దగ్గరి సంగతి ఉంది. 2014 ఫిబ్రవరి 18. ఆ మధ్యాహ్నం టీవీ ముందే ఉన్నా. లోక్‌సభ ప్రసారం ఆగిపోయింది, తలుపులు మూశారన్నారు, కాసేపటికి రాష్ట్ర విభజన బిల్లు పాసైందని స్క్రోలింగ్. అదీ మూజువాణే. మన బతుకులో అంత పెద్ద ఓటింగు ఇంకోటి లేదు. ఆ బిల్లుకు ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా చెప్పే పట్టిక మాత్రం లేదు.

పేర్లున్నచోటైనా తేలేది తక్కువే. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు కాగితపు చీటీలతో ఓట్లు తీసుకున్నారు. 454 అనుకూలం, 2 వ్యతిరేకం. దీంట్లో ఎవరికని ఎక్కువ మార్కులేస్తాం? ఇరువైపులా గట్టిగా ఓట్లు పడ్డ బిల్లుల్లో విప్, అంటే ఇటే ఓటేయాలన్న పార్టీ ఆదేశం ఉంటుంది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్ ధిక్కరించి ఓటేసినా, ఓటేయకుండా ఊరుకున్నా సభ్యత్వానికే ఎసరు. చెయ్యి ఎంపీదే, ఎత్తించేది పార్టీ. అలాంటి ఓటుకు మార్కులేస్తే అవి పార్టీ ఖాతాలో పడాలి.

ఈ ‘ఎంపీ ట్రాక్’కు అయిదుకి మూడు ఇస్తా. ఆ మూడూ ప్రశ్నల పుణ్యమే. కాకపోతే వాటిని లెక్కపెట్టకూడదు, చదవాలి. ఒక్కోసారి ఒకే ప్రశ్న మీద చాలామంది ఎంపీల పేర్లుంటాయి, అందరి ఖాతాలోనూ ఒక్కొక్కటి పడుతుంది. ‘వాస్తవమేనా, అయితే వివరాలేమిటి’ అని (ఎ) నుంచి (డి) దాకా సాగి, చివరకు జవాబులో మన జిల్లా పేరే ఉండదు. ఈ తేడా నాకు తెలిసొచ్చింది బంగారుపాళ్యం బావ వల్ల. పోయినేడు తోతాపురి మామిడి ధర పడిపోయి ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన రోజుల్లో ఆయన నా పుస్తకం తిరగేశాడు. “ఇన్ని ప్రశ్నలడిగినారు సరే బావా, మా కాయల గురించి ఎన్ని?” అన్నాడు. నా గళ్లలో దానికి చోటే లేదు.

ఇప్పుడు రెండో పుస్తకంలో ప్రశ్నల సంఖ్య పక్కన ఇంకో గడి గీశా, వెడల్పుగా. లోక్‌సభ సైటులో సభ్యుడి పేరుతో వెతికి, ఒక్కో ప్రశ్న తెరిచి, దేనిమీద అడిగారో ఒక్క మాటలో రాస్తున్నా. మామిడి, రైల్వే గేటు, స్వర్ణముఖి, ఉపకార వేతనాలు. సమావేశాలకో ఆదివారం సరిపోవడం లేదు, రెండు పడుతున్నాయి.